సీసా తర్వాత పట్టుకుందాం, ముందు స్లడ్జ్ బస్తాలు చూపించండి

నా మొదటి ఉద్యోగంలో నేను చేసిన వెధవ పని ఒకటి చెప్పి మొదలుపెడతాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయిన కొత్తలో హైదరాబాద్‌లో ఒక ప్లేటింగ్ షాపులో ఈటీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) కెమిస్టుగా చేరాను. ఒకరోజు పొద్దున్నే ఓనరు ఫోన్ చేసి, "మధ్యాహ్నం పీసీబీ వాళ్లొస్తున్నారట, లాగ్‌బుక్ ఒకసారి చూసుకో" అన్నాడు. పీసీబీ అంటే కాలుష్య నియంత్రణ మండలి. తెరిచి చూస్తే ముప్పయ్యారు రోజులుగా ఒక్క అంకె లేదు. టీ తెప్పించుకుని కూర్చుని గంటన్నరలో ముప్పయ్యారు రోజుల పీహెచ్ (నీళ్లలో ఆమ్లం, క్షారం పాలు చెప్పే అంకె) రాసిపారేశాను. 7.4, 7.6, 7.5, మళ్లీ 7.4. అంతా ఒకే పెన్ను. ఆదివారాలక్కూడా రాశాను, ఆదివారం షాపుకి తాళం వేసి ఉంటుందన్న సంగతే మర్చిపోయి. వచ్చినాయన నాలుగు పేజీలు తిప్పి, సంతకం పెట్టి, ఔట్‌లెట్ దగ్గర సీసాలో నీళ్లు పట్టుకుని వెళ్లిపోయాడు. రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది.

ఇప్పుడు నేను బల్లకి అవతలి వైపు కూర్చుంటున్నాను. పెద్ద కంపెనీలు తమకు జాబ్‌వర్క్ చేసే ప్లేటింగ్ షాపులను ఆడిట్ చేయించుకుంటాయి. ఆ పని మీద ఏడాదికి ముప్పై, నలభై షాపులు తిరుగుతాను. ఇన్నేళ్లలో నాకు బలపడిన అభిప్రాయం ఒకటే. ప్లేటింగ్ షాపు మురుగునీటి తనిఖీలో అందరికంటే తక్కువ నిజం చెప్పేది ఔట్‌లెట్ దగ్గర పట్టే ఆ సీసాయే. మన తనిఖీలేమో దానితోనే మొదలై దానితోనే ముగుస్తున్నాయి.

ప్లేటింగ్ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. బాత్రూమ్ కుళాయి మెరుపు, బండి సైలెన్సర్ తళతళ, నట్లూ బోల్టుల మీద పసుపు రంగు, మచిలీపట్నం చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ గాజులు, ఇవన్నీ ప్లేటింగే. బాలానగర్, కాటేదాన్, కుషాయిగూడ సందుల్లో, విజయవాడ ఆటోనగర్‌లో రేకుల షెడ్ల కింద జరిగే పని. ఇనుప ముక్కని కాస్టిక్‌లో కడిగి, యాసిడ్‌లో ముంచి తుప్పు వదలగొట్టి, నికెల్ బాత్‌లో, అంటే నికెల్ ద్రావణం ఉన్న ట్యాంకులో ముంచి, తర్వాత క్రోమ్‌లో ముంచుతారు. ప్రతి ముంపు తర్వాతా నీళ్లలో కడుగుతారు. ఆ కడుగునీళ్లే మన సమస్య. ముక్కకి అంటుకుని వచ్చిన రసాయనం అంతా వాటిలోకి దిగుతుంది. కూరగాయల మురుగులా ఇది కుళ్లిపోయి మట్టిలో కలిసేది కాదు. నికెల్ ఎన్నేళ్లయినా నికెలే. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కాటేదాన్ మట్టి తీసి పరీక్షిస్తే క్రోమియం, నికెల్, జింకు, సీసం ఎక్కువ మోతాదుల్లో కనబడ్డాయి.

ఇక సీసా సంగతి.

బయటికి వదిలే నీళ్లలో విషపు క్రోమియం, అంటే హెక్సావాలెంట్ క్రోమియం, లీటరుకి 0.1 మిల్లీగ్రామ్ దాటకూడదు. నికెల్ 3, జింకు 5, సైనైడ్ 0.2. ఇవి రూల్సు. క్రోమ్ నీళ్లు చిక్కగా ఉంటే నారింజ రంగు, పలచనైతే పసుపు. 0.1 దగ్గర మాత్రం మినరల్ వాటర్‌లా తేటగా ఉంటుంది, దానికి మూడింతలున్నా అంతే. కాబట్టి "చూడండి సార్, ఎంత క్లియర్‌గా ఉన్నాయో" అని గ్లాసు ఎత్తి చూపించే ఓనరుతో వాదించను, నా సంచీలోంచి చిన్న డ్రాపర్ సీసా తీస్తాను. అందులో డైఫినైల్ కార్బజైడ్ ఉంటుంది. తెల్ల పింగాణీ పలక మీద నాలుగు చుక్కల నీళ్లు, ఒక చుక్క యాసిడ్, ఒక చుక్క ఇది. క్రోమ్ ఉంటే క్షణంలో గులాబీ రంగు తేలి వంగపండు రంగుకి తిరుగుతుంది. ఆ రంగు చూసినప్పుడు దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకునే ముఖాలు ఎన్ని చూశానో.

అయితే ఆ పరీక్షని కూడా గెలవడం తేలిక. బోరు వాల్వు తిప్పితే చాలు. పది లీటర్ల చెడ్డ నీళ్లలో వంద లీటర్ల బోరు నీళ్లు కలిపితే ల్యాబ్ రిపోర్టు పాసవుతుంది, నేలలోకి దిగే క్రోమియం ఒక్క గ్రాము కూడా తగ్గదు. దీన్ని పట్టుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు, నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతో చెప్పే ఆరొందల రూపాయల టీడీఎస్ మీటరు చాలు. ఈటీపీలోకి వచ్చే నీళ్లలో యాసిడ్ వేస్తాం, మెటా (సోడియం మెటా బై సల్ఫైట్) వేస్తాం, సున్నం వేస్తాం, కాస్టిక్ వేస్తాం. ఇన్ని ఉప్పులు పోశాక బయటికొచ్చే నీళ్ల టీడీఎస్ సాధారణంగా పెరగాలి. లోపలికి 2,800 ఉండి బయటికి 900 వచ్చిందంటే, అక్కడ ఆర్‌ఓ కూడా లేదంటే, మధ్యలో బోరు నీళ్లు కలిశాయనే. ఒక కుర్ర ఇంజనీరు ఇదే కేసులో నాతో "టీడీఎస్ తగ్గింది కదండీ, ప్లాంటు బాగా పనిచేస్తున్నట్టే కదా" అన్నాడు. అమాయకత్వమో, కాదో తెలీదు.

సీసాలోనూ మోసం జరగొచ్చు, ఎవరూ మోసం చేయకపోయినా. నికెల్, జింకు పరీక్షకు పట్టే నీళ్లలో నైట్రిక్ యాసిడ్ వేసి నిలవ చేయాలి. సైనైడ్‌కి దానికి పూర్తిగా వ్యతిరేకం, కాస్టిక్ వేయాలి. హెక్సావాలెంట్ క్రోమ్‌కి యాసిడ్ వేయకూడదు, చల్లగా పెట్టి ఇరవై నాలుగు గంటల్లో పరీక్షించాలి. దానిలో యాసిడ్ పడితే ఆ నీళ్లలోనే ఉన్న మురికి దాన్ని మామూలు క్రోమియంగా మార్చేయగలదు. ల్యాబ్‌కి చేరేసరికి విషం "లేదు". సరైన సీసాలో పట్టలేదు కాబట్టి మంచి రిపోర్టు వచ్చిన సందర్భాలు నాకు తెలుసు. పైగా చిన్న షాపుల్లో ఈటీపీ బ్యాచ్ పద్ధతిలో నడుస్తుంది. ట్యాంకు నిండాక శుద్ధి చేసి వదులుతారు. ఎప్పుడు వదలాలో నిర్ణయించేది వాళ్లే అయినప్పుడు, మీరు పట్టే నీళ్లు వాళ్లు మీకు పట్టించాలనుకున్న నీళ్లే.

అందుకే నేను వెళ్లగానే ఈటీపీ చూడను. ఓనరు అటే తీసుకెళ్లబోతాడు, ఎందుకంటే నిన్ననే దానికి ఆకుపచ్చ పెయింట్ వేయించి ఉంటాడు. నేను "ముందు అకౌంట్స్ రూమ్ ఎక్కడండీ" అంటాను.

అక్కడ అడిగేవి మూడే కాగితాలు. క్రోమిక్ యాసిడ్ (క్రోమ్ బాత్‌లో వేసేది) కొన్న బిల్లులు, మెటా బై సల్ఫైట్ కొన్న బిల్లులు, స్లడ్జ్ పంపిన రికార్డు. ఎందుకో కొంచెం ఓపికగా చెబుతాను, ఈ వ్యాసంలో ముఖ్యమైన ముక్క ఇదే.

హెక్సావాలెంట్ క్రోమ్ సున్నానికి లొంగదు. ఎంత సున్నం పోసినా అలాగే నీళ్లలో కరిగి ఉంటుంది. ముందు పీహెచ్ రెండు, రెండున్నరకి దించి, మెటా వేసి, దాన్ని ట్రైవాలెంట్ క్రోమ్‌గా, అంటే ఇందాక చెప్పిన మామూలు క్రోమియంగా మార్చాలి. పసుపు నీళ్లు ఆకుపచ్చకి తిరుగుతాయి. ఆ తర్వాత సున్నంతో పీహెచ్ ఎనిమిదిన్నర దాకా లేపితే బూడిద పచ్చ రంగు ముద్దలా అడుగుకి దిగుతుంది. ఆ ముద్దే స్లడ్జ్. అంటే మెటా కొనకుండా క్రోమ్ శుద్ధి చేశామంటే, బియ్యం కొనకుండా అన్నం వండామన్నట్టే. (ఫెర్రస్ సల్ఫేట్‌తో చేసేవాళ్లున్నారు, అప్పుడు ఆ బిల్లులు చూస్తాను.)

ఇప్పుడు లెక్క. ఒక షాపు నెలకు 50 కిలోల క్రోమిక్ యాసిడ్ కొంటోంది అనుకుందాం. కుళాయిల మీద వేసే మెరుపు క్రోమ్ అర మైక్రాన్ మందం కూడా ఉండదు, దానికి పట్టేది చాలా తక్కువ. పూతకి, ఆవిరికి, ఒలికినదానికి కలిపి ఉదారంగా పది కిలోలు తీసేద్దాం. మిగిలిన 40 కిలోలు కడుగునీళ్లలోకే పోవాలి. దాన్ని మార్చడానికి పుస్తకాల లెక్కనే 57 కిలోల మెటా కావాలి, ఆచరణలో ఇంకా ఎక్కువ పడుతుంది. దాన్నుంచి పొడిగా లెక్కేస్తే 41 కిలోల క్రోమియం హైడ్రాక్సైడ్ తయారవుతుంది. ఫిల్టర్ ప్రెస్‌లోంచి వచ్చే తడి ముద్దలో మూడొంతులు నీళ్లే కాబట్టి 160 కిలోల పైచిలుకు. మూడు నెలలకి దాదాపు అర టన్ను. ఇది క్రోమ్ ఒక్కదాని లెక్క. నికెల్, ఇనుము, సున్నపు పిప్పి వేరే.

ఒక షాపులో మూడు నెలల క్రోమిక్ యాసిడ్ బిల్లులు సరిగ్గా నెలకు 50 కిలోల చొప్పునే ఉన్నాయి. మెటా మాత్రం ఒకే ఒక్క 50 కిలోల బస్తా కొన్నారు. స్లడ్జ్ 90 కిలోలు. ఔట్‌లెట్ రిపోర్టులు మూడు నెలలవీ పాస్. ఈ మూడు అంకెలు పక్కపక్కన రాసి ఓనరు ముందు పెట్టాను. ఆయన చాలాసేపు క్యాలిక్యులేటర్ నొక్కి, "మీరు కెమిస్టా, ఇన్‌కమ్ ట్యాక్సా?" అన్నాడు.

స్లడ్జ్‌ని ప్రమాదకర వ్యర్థంగా 2016 నిబంధనల కింద లెక్కగట్టాలి, షాపులో తొంభై రోజులకు మించి మామూలుగా ఉంచకూడదు, మానిఫెస్ట్ కాగితాలతో పంపాలి. హైదరాబాద్ షాపులకైతే దుండిగల్‌లోని టీఎస్‌డీఎఫ్ (ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసి పూడ్చే కేంద్రం) ఉంది. అక్కడ తూకం వేసి రసీదు ఇస్తారు. ఆ తూకం ఓనరు చేతిలో లేదు, కెమిస్టు చేతిలో లేదు, నాబోటి వాడు టీ తాగుతూ రాసేది కాదు. అందుకే దాన్ని నమ్ముతాను.

కాగితాలయ్యాక పైపులు. ఇది ప్రాణాల మీదికొచ్చే సంగతి కాబట్టి తేలిగ్గా తీసుకోను. సైనైడ్ బాత్ ఉన్న షాపులో ఆ కడుగునీళ్లకీ యాసిడ్ కడుగునీళ్లకీ వేరువేరు కాలవలుండాలి. రెండూ ఒకే గుంటలో కలిశాయా, హైడ్రోజన్ సైనైడ్ గ్యాస్ లేస్తుంది. చేదు బాదం వాసన వస్తుందంటారు కానీ ఆ వాసన పుట్టుకతోనే తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు, వాసన నమ్ముకుని గుంటలోకి దిగకూడదు. సైనైడ్‌ని విడిగా, పీహెచ్ పది దాటించి, హైపోతో (సోడియం హైపోక్లోరైట్‌తో) విరగ్గొట్టాలి. క్రోమ్‌ని విడిగా పీహెచ్ రెండు దగ్గర మార్చాలి. అన్నీ ఒకే ట్యాంకులో పోసి సున్నం గుమ్మరించి "కంబైన్డ్ ట్రీట్‌మెంట్ సార్" అంటే అది ట్రీట్‌మెంట్ కాదు. లోహాలకి కూడా తలా ఒక పీహెచ్ కావాలి. క్రోమ్ ఎనిమిదిన్నర దగ్గర బాగా దిగుతుంది, నికెల్‌కి పది కావాలి, అంత లేపితే దిగిన క్రోమ్ మళ్లీ కొంత కరగడం మొదలుపెడుతుంది.

కాలవ ఎటు పోతోందో కనుక్కోవడానికి నా దగ్గరున్న పరికరం రెండు కిలోల దొడ్డుప్పు. బకెట్ నీళ్లలో కలిపి ప్లేటింగ్ హాలు నేల మీద ఉన్న జాలీలో పోస్తాను. ఈటీపీ కలెక్షన్ ట్యాంకు మూతి దగ్గర ఒకర్ని టీడీఎస్ మీటరుతో నిలబెడతాను. ఒకచోట పావుగంట చూశాం, ట్యాంకులో అంకె కదల్లేదు. నేను గేటు బయటికెళ్లి వాననీటి కాలవలో మీటరు ముంచితే అంకెలు పరుగెత్తాయి. ఆ జాలీ సంగతి తనకే తెలియదన్నాడు ఓనరు. షెడ్డు పాతది, తండ్రి కొన్నది, నిజంగానే తెలియకపోవచ్చు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. పీసీబీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనతో ఇదే వాదన పెట్టుకుంటే, "నువ్వు చెప్పేదంతా బాగానే ఉంది బాబూ, కోర్టులో ఏది నిలబడుతుంది?" అన్నారు. ఆయనన్నది నిజం. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం నోటీసు ఇచ్చి, ఓనరు ఎదుట నీళ్లు పట్టి, రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు పెడితేనే మామూలుగా ఆ రిపోర్టు సాక్ష్యం. మెటా బిల్లు తగ్గిందని ఎవరినీ బోనెక్కించలేరు. ఒక్కో ఇంజనీరు నెత్తిన అన్ని పరిశ్రమలుంటే గంటలో పనయ్యే సీసాని వదిలి పూటంతా బిల్లులు ఎవరు తిరగేస్తారన్నది కూడా ఆయన ప్రశ్నే.

నా జవాబు ఏంటంటే, సీసా వద్దనడం లేదు. వరస మార్చమంటున్నాను. బిల్లులూ స్లడ్జ్ లెక్కా ఏ షాపులో తేడా ఉందో చెబుతాయి, అవి ఆఫీసులో కూర్చునే చూడొచ్చు. వెళ్లకముందే మూడు నెలల క్రోమిక్ యాసిడ్, మెటా, స్లడ్జ్ అంకెలు తెప్పించుకుంటే పూటంతా పట్టదు, పది నిమిషాలు చాలు. తేడా వచ్చిన షాపుకి రాత్రి తొమ్మిదింటికి వెళ్లి, అప్పుడు సీసా పట్టండి, సీలు వేయండి. ఇప్పుడు జరుగుతున్నదాంట్లో దొరికేది అజాగ్రత్తపరుడే, ఆరితేరినవాడు కాదు. నేను కెమిస్టుగా ఉన్న షాపు ఏనాడూ దొరకలేదు మరి.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఓనర్లంతా దుర్మార్గులు కారు. జాబ్‌వర్క్ కిలోకి ఇంతని రేటు, ఆ రేటు తగ్గించమని వెంటపడేది నన్ను ఆడిట్‌కి పంపే పెద్ద కంపెనీ కొనుగోలు విభాగమే. అదే కంపెనీ ఇంకో అంతస్తులోంచి నేను పర్యావరణ చెక్‌లిస్టు పట్టుకుని దిగుతాను. ఈ మాట రిపోర్టులో రాస్తే ఒకసారి తీసేయమన్నారు. తీసేశాను.

అందుకని ఈ మధ్య ఓనరుతో కాలుష్యం గురించి తక్కువ, నికెల్ గురించి ఎక్కువ మాట్లాడుతున్నాను. పోయిన ఏడాది ఒక షాపులో నికెల్ ట్యాంకు దగ్గర నిలబడ్డాను. ఒడిశా కుర్రాడు జిగ్గు (ముక్కలు తగిలించే చట్రం) పైకి లాగుతాడు, కుళాయి ముక్కలు వేలాడుతూ పైకొస్తాయి, పచ్చటి ద్రావణం ధారగా కారుతుండగానే రెండు సెకన్లలో పక్కనున్న కడుగు ట్యాంకులో ముంచేస్తాడు. ఆ పచ్చదనం ట్యాంకు నీళ్లలో పొగలా విచ్చుకుంటుంది. నేను ఒక ప్లాస్టిక్ టబ్బు తెప్పించి, "దీని మీద పట్టుకో తమ్ముడూ, దస్ తక్ గినో" అన్నాను. పది లెక్కపెట్టేదాకా పట్టుకున్నాడు. టబ్బులో చేరింది కొలజాడీలో పోస్తే 60 మిల్లీలీటర్లు.

రోజుకి రెండొందల జిగ్గులు. అంటే 12 లీటర్లు. ఆ బాత్‌లో లీటరుకి 70 గ్రాముల నికెల్ ఉంది. రోజుకి 840 గ్రాములు, నెలకి పాతిక పనిరోజులంటే 21 కిలోలు. నికెల్ సల్ఫేట్ రూపంలో చూస్తే తొంభై కిలోల పైమాటే. డబ్బు పెట్టి కొని, కడిగి, మళ్లీ డబ్బు పెట్టి కాస్టిక్ కొని, స్లడ్జ్ చేసి, దాన్ని పంపడానికి ఇంకోసారి డబ్బు కడుతున్నారు. ఈ లెక్క విన్నాక ఓనరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, ఏడాదిగా నేను పీహెచ్ గురించి చెబుతుంటే నిలబడే వినేవాడు.

నీళ్ల సంగతీ అంతే. ముక్కకి అంటిన ద్రావణాన్ని వెయ్యింతలు పలచన చేయాలంటే ఒకే కడుగు ట్యాంకైతే ఆ 12 లీటర్లకి రోజుకి 12,000 లీటర్ల నీళ్లు పారాలి. రెండు ట్యాంకులు పెట్టి నీళ్లని ముక్కకి ఎదురు దిశలో పారిస్తే 400 లీటర్ల లోపే సరిపోతుంది. మీకు నమ్మబుద్ధి కాకపోతే వెయ్యికి వర్గమూలం కట్టి చూడండి. ఈటీపీ పెద్దది కట్టమని చెప్పే కన్సల్టెంట్లు చాలామంది ఉన్నారు, ఇంకో చిన్న ట్యాంకు పెట్టమని చెప్పేవాళ్లు తక్కువ, అందులో కమీషన్ ఏముంటుంది? కారిన ద్రావణాన్ని బాత్‌లోకి తిరిగి పోస్తే మలినాలు కూడా తిరిగొస్తాయని ఓనర్లు అంటారు. అది నిజమే, ఫిల్టరు, కార్బన్ ట్రీట్‌మెంట్ క్రమంగా చేసుకోవాలి. అయినా లాభమే.

మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లాను. గోడ మీద హిందీలో "దస్ తక్ గినో" అని పెయింట్‌తో రాసి ఉంది. కుర్రాడు నన్ను చూసి పెదాలు కదుపుతూ పది లెక్కపెట్టాడు. మేడ మెట్ల మీద నుంచి, అతను నన్ను చూడనప్పుడు గమనిస్తే రెండు సెకన్లే. కిందికి దిగి అడిగాను. మొహమాటపడి, చివరికి చెప్పాడు: తనకి జీతం కాదు, జిగ్గుకి ఇంతని. పది సెకన్లు ఆగితే సాయంత్రానికి కొన్ని జిగ్గులు తగ్గుతాయి. నా లెక్కలో క్రోమియం ఉంది, నికెల్ ఉంది, ఆ కుర్రాడి కూలి లేదు.

ఓనరూ నేనూ కాసేపు మాటలు పెంచుకుని, చివరికి ట్యాంకు మీద అడ్డంగా ఒక పీవీసీ పైపు బిగించాం. జిగ్గు తీసి దానికి తగిలించి, ఈలోగా ఇంకోటి ముంచడమే. ఎవరూ లెక్కపెట్టనక్కర్లేదు. మొన్న వెళ్లినప్పుడు మూడు జిగ్గులు దానికి వేలాడుతున్నాయి, పచ్చటి చుక్కలు తిరిగి బాత్‌లోనే పడుతున్నాయి. నికెల్ సల్ఫేట్ కొనుగోలు ఆ నెల నాలుగు బస్తాల నుంచి మూడుకి దిగింది. క్రోమ్ ట్యాంకు మీద మాత్రం ఇంకా పైపు వేయలేదు. అక్కడ పొగ లాగే డక్టు అడ్డమొస్తోందట, వచ్చే నెల దాన్ని జరిపిస్తానన్నాడు.